బాయి మొక్క

మొదటి షిఫ్టు సైరన్ మోగింది. గోదావరిఖనిలో ఆ కూత వినబడని ఇల్లు లేదు. క్వార్టర్ల వరుస మొత్తం ఒక్కసారే లేచి కూర్చుంటుంది. గొళ్లాలు తీస్తున్న చప్పుడు, బకెట్ల చప్పుడు, దగ్గులు. సమ్మవ్వ మాత్రం పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి, ఇంకా నిద్రపోతున్న మొగిలి కాలు పట్టుకొని ఊపింది.

"లే. సైరన్ అయింది."

మొగిలి ఉలిక్కిపడి లేచాడు. "ఇన్న ఇన్న. లేస్తనే ఉన్న" అన్నాడు.

కిటికీ దగ్గర నిలబడిన అనసూర్య అది చూసింది కానీ మనసులో పెట్టుకోలేదు. ఆ పిల్ల ధ్యాసంతా కిటికీలో ఉన్న మట్టికుండీ మీద ఉంది. అందులోని మొక్క ఆకులు చివరల నుంచి గోధుమరంగుకు తిరిగాయి. నిన్న మూడు, ఇవాళ ఐదు. వేలితో తాకితే అప్పడంలా విరిగాయి.

"ఎండిపోతాంది" అంది అనసూర్య, నోట్లో నోట్లోనే.

"ఏమంటున్నవే? నోట్లె నోట్లె మాట్లాడకని ఎన్నిసార్లు చెప్పాలె?" అని కసిరింది తల్లి సమ్మవ్వ. "ఆ చెట్టు సంగతేనా? పువ్వు పూయది, కాయ కాయది, కూరకు రాది. పొద్దుగాల లేచి దానికి దండం పెట్టుడు!"

మొగిలి కూతురి వైపు చూసి నవ్వి తల ఊపాడు. ఆయన ఎప్పుడూ అంతే. అనసూర్య ఎంత చిన్నగా మాట్లాడినా ఒక్కనాడూ కసరలేదు. పదహారేళ్లొచ్చినా నలుగురిలో గొంతు పెగలని ఆ పిల్లకు, ఇంట్లో తన మాట అర్థమయ్యేది బాపు ఒక్కడికేనని నమ్మకం.

"సోమవారం నుంచి మా తమ్ముడు నీ జట్టుకే అస్తాండు. ఎర్కేనా?" టిఫిన్ డబ్బా అందిస్తూ, భర్త ముఖంలోకి చూస్తూ అడిగింది సమ్మవ్వ.

"ఎర్కే" అన్నాడు మొగిలి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు ఎందుకో గోడకేసి తిరిగింది. మూలన ఉన్న చేతికర్ర తీసుకొని బయటికి నడిచాడు.

ఆ కర్ర ఆయన పనిముట్టు. మొగిలి బొగ్గుగనిలో సర్దారు. షిఫ్టు మొదలుకాగానే జట్టులోని ఎనిమిది మంది కంటే ముందు ఆయన లోపలికి నడవాలి. కర్రతో పైకప్పును తట్టి వినాలి. రాయి ఖంగుమని పలికితే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే లోపల పొర విడిచినట్టు, ఎప్పుడైనా మీద పడొచ్చు. ఆయన "రండ్రి" అన్నాకే మిగతావాళ్లు దాని కిందికి వెళ్తారు.

* * *

ఆ మొక్క ఇంటికి వచ్చి రెండు నెలలైంది. ఇచ్చింది అదే వాడలో ఉండే విశాలాక్షమ్మ. మంథని వాళ్లు. భర్త వామనరావు గని ఆఫీసులో గుమాస్తా. అనసూర్య అమ్మమ్మ ఊళ్లో ఏడో తరగతి వరకు చదివి వచ్చిందని తెలిసి, చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చేది. ఆవిడ వరండాలో నీడపట్టున కుండీల్లో ఆకుమొక్కలు ఉండేవి. ఒక్కదానికీ పువ్వు లేదు. ఆవిడ వాటిని ఫెర్నులు అనేది.

"నీకొకటిస్త. ఏది కావాల్నో చూస్కో" అంది ఒకరోజు.

అనసూర్య కళ్లు నేరుగా ఒకదాని మీద పడ్డాయి. వెంట్రుక లాంటి నల్లకాడలు, గాలి ఆడకపోయినా వణికే చిన్నచిన్న ఆకులు.

"హంసపాది. మంచిగ చూసినవు" అని నవ్వింది విశాలాక్షమ్మ. "కాని దానికి అలక ఎక్కువ. ఒక్క పూట నీళ్లు మర్చినా ముఖం మాడ్చుకుంటది. మళ్ల ఎంత బతిమాలినా మాట వినది. మొదటిసారి పెంచేటోళ్లు దాని జోలికి పోవద్దు. ఇగో, దీన్ని తీస్కపో."

చూపించింది మొరటుగా, పొడుగ్గా, కత్తుల్లాంటి ఆకులతో నలువైపులా వాలిన మొక్కను. అందంలో హంసపాదికి సగం కూడా రాదు. కానీ దాన్ని చూడగానే అనసూర్యకు అమ్మమ్మ ఊరి బావి గుర్తుకొచ్చింది. మెట్లు దిగుతుంటే రాళ్ల సందుల్లోంచి చల్లగా చెంపకు తగిలే ఆకులు అవే.

"ఇది బాయిల మొలుస్తది గద అమ్మా!" అంది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం విశాలాక్షమ్మ వినడం అదే మొదటిసారి.

"అదే. బాయిల ఎట్లుంటదో ఇంట్ల గూడ అట్లనే ఉంచాలె. ఎండ తగలొద్దు, వెలుతురు ఉండాలె. ఇంత ఆకుమన్ను, ఇంత ఇసుక. కుండకు అడుగున బొక్క. పళ్లెంల గులకరాళ్లు పోసి, నీళ్లు పోసి, దాని మీద కుండ పెట్టు. ఇక్కడి బొగ్గుపొడికి ఆకులు ఊపిరాడక చస్తయి, తడిబట్టతోని తుడువు. నీళ్లు ఎక్కువైనా కుళ్లుతది, తక్కువైనా ఎండుతది. ఎప్పుడు పొయ్యాల్నో కుండనే చెప్తది. వేలుతోని తట్టి చూడు. ఖంగుమంటే దాహం. మొద్దుగ పలికితే కడుపు నిండినట్టు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పిన రోజు మొగిలి పకపకా నవ్వాడు. ఆ వాడలో గనిని కూడా బాయి అనే అంటారు. "గిది గూడ బాయి మొక్కనా? అయితే మా జాతే! కాని లెక్క ఉల్టా ఉన్నది బిడ్డా. మా బాయిల ఖంగుమంటే ఖైర్. ఇక్కడ ఖంగుమంటే దాహమా? మంచిగున్నది! ఈ డ్యూటీ నాది. మీరెవ్వరు ముట్టద్దు."

అప్పటి నుంచి రోజూ మూడు గంటలకు షిఫ్టు దిగి వచ్చి, స్నానం కూడా చేయకముందే కుండీ ముందు గొంతుకూర్చునేవాడు. వేలి కణుపుతో తట్టేవాడు. చాలాసేపు తట్టేవాడు. తర్వాత "ఇంక తడి ఉన్నది" అనో, "పొయ్యి" అనో చెప్పేవాడు. బాపు తన మొక్కను అంతగా పట్టించుకుంటున్నాడని అనసూర్య లోలోపల మురిసిపోయేది. సమ్మవ్వ ఒకసారి ఆకు వెనక వరుసగా ఉన్న గోధుమ చుక్కలు చూసి, పురుగు గుడ్లు పెట్టిందని బూడిద రుద్దబోతే ఆపింది కూడా మొగిలే. "అవి ఇత్తునాలేమోనే, ఆ అమ్మనడుగు ముందుగాల" అన్నాడు. అవి నిజంగా విత్తనాల్లాంటివేనట.

* * *

ఆ శుక్రవారం మధ్యాహ్నం విశాలాక్షమ్మ వాకిట్లోకి వచ్చింది. కిటికీలోకి చూసి ఆగిపోయింది. కుండీలో వేలు గుచ్చి బయటికి తీసింది. వేలికి మన్ను అంటలేదు.

"నీళ్లు లేక ఎన్ని రోజులైంది అనసూర్యా?"

"బాపు చూస్తుండు అమ్మా. తడి ఉన్నదన్నడు. నాలుగు దినాలైతాంది."

విశాలాక్షమ్మ కుండీని గోటితో తట్టింది. ఖంగ్. గుడిలో గంట మోగినట్టు స్పష్టంగా మోగింది.

కుండ ఖంగుమంటోందని అప్పుడే వచ్చిన మొగిలికి ఆవిడ నవ్వుతూనే చెప్పింది. మొగిలి ఒక క్షణం ఆమె పెదవుల వైపే చూశాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో! బాయి అలవాటు తల్లీ. ఖంగుమనంగనే ఖైర్ అనుకున్న. ఉల్టా లెక్క గద, యాది మర్చిన!"

అందరూ నవ్వారు. సమ్మవ్వ అయితే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "రూఫుకు నీళ్లు పొయ్యలే, నయం" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది మొగిలే.

మరునాడు పొద్దున బాపు డ్యూటీకి పోయాక అనసూర్య కుండీని బకెట్టు నీళ్లలో సగానికి ముంచింది. బుడగలు వచ్చి వచ్చి ఆగిపోయేదాకా ఉంచి తీసింది. మన్ను బరువెక్కింది. తట్టి చూసింది. మొద్దుగా, పిండిముద్దను కొట్టినట్టు పలికింది. మధ్యాహ్నానికి పైమన్ను ఆరిపోయి చూడటానికి పొడిగా కనిపించింది కానీ లోపల మొత్తం తడే.

మూడింటికి మొగిలి వచ్చాడు. గొంతుకూర్చున్నాడు. పైమన్ను చూశాడు. తట్టాడు. మళ్లీ తట్టాడు.

"ఖంగుమంటాంది. నీళ్లు పొయ్యి బిడ్డా" అన్నాడు.

నిన్న తప్పిన లెక్క ఉల్టా లెక్క అయితే ఇవాళ సరిపోవాలి. ఇవాళ కుండ ఖంగుమనలేదు. దగ్గర నిలబడి అనసూర్య విన్నది. బాపు వినలేదు. ఆయన కంటితో చూసి చెబుతున్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సైరన్‌కు లేవని మనిషి. కాలు పట్టి ఊపే అవ్వ. ఎదురుగా నిలబడి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడే అవ్వ. రేడియో పెట్టడం మానేసి ఎన్నాళ్లైంది? తాను ఏం చెప్పినా నవ్వి తల ఊపే బాపు.

వెనక వాకిట్లో గిన్నెలు తోముతున్న సమ్మవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, బాపుకు ఇనబడతలేదు."

సమ్మవ్వ చేతిలో చెంబు ఆగింది. "ఎవ్వలు చెప్పిండ్రు?"

"కుండ చెప్పింది."

సమ్మవ్వ అటూ ఇటూ చూసింది. తడిచేత్తోనే కూతురి మణికట్టు పట్టుకుంది. "నోరు మూసుకో. ఈ మాట గోడ దాటొద్దు."

"నీకెర్కేనా?"

"చలికాలం సంది ఎర్కే. పన్నెండేండ్లు డ్రిల్లు పట్టిన చెవులు. ఏమైతయి మరి? అన్‌ఫిట్ అంటే ఏం జేస్తం? క్వార్టరు ఉంటదా? ఊళ్లె ఏమున్నది మనకు, రాళ్ల చెల్క! ఆయన పద్దెనిమిదేండ్లు చేసిండు, ఒక్క మనిషికి గీత పడలే. చేతికి అలవాటున్నది. చెవితోటే పనా?"

"చెవితోటే గద పని" అంది అనసూర్య.

"పెద్ద సర్దారువైనవు!" సమ్మవ్వ చెంబు విసిరి కొట్టింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి మోగింది. ఇంట్లో కూర్చున్న మొగిలి తల తిప్పలేదు. తలుపులోంచి ఆయన వీపు ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. సమ్మవ్వ గబగబా వెళ్లి చెంబు ఏరుకొని, మళ్లీ తోమడం మొదలుపెట్టింది. తోమిందే తోమింది.

"ఎల్లుండి మామ గూడ ఆ రూఫు కిందికే పోతడు" అని మాత్రం అనగలిగింది అనసూర్య.

సమ్మవ్వ గిన్నెలు ఎత్తుకొని లోపలికి పోయింది.

* * *

ఆదివారం అనసూర్య విశాలాక్షమ్మ దగ్గర ఒకే కొలత ఖాళీ కుండీలు రెండు అడిగి తెచ్చింది. రెండింటిలో ఒకే మన్ను నింపింది. ఒకదాన్ని బకెట్టులో ముంచింది. రెండోదాన్ని ఎండలో పెట్టింది. సాయంత్రం రెండింటి మూతులకూ గోనెగుడ్డ కట్టి మంచం కిందికి తోసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున సైరన్‌కు ముందే రాజం వచ్చాడు. సమ్మవ్వకు కడగొట్టు తమ్ముడు, ఇరవై రెండేళ్లవాడు. కొత్త బూట్లు కిర్రుకిర్రుమంటున్నాయి.

"అక్కా, చాయ్ పొయ్యి జల్ది. మొదటి దినమే లేటైతే మా సర్దారు బావ ఊకోడు!"

"ఊకోను" అన్నాడు మొగిలి, వాడి నోటి వైపు చూస్తూ. కర్ర అందుకున్నాడు.

అనసూర్య వెళ్లి గడపకు అడ్డంగా రెండు కుండీలూ పెట్టింది.

"బాపు, ఈ రెండిట్ల ఏది తడిదో ఏది పొడిదో చెప్పి పో."

"ఏమంటాంది?" అని మొగిలి భార్య వైపు చూశాడు. సమ్మవ్వ ముఖం పాలిపోయింది. "తియ్యవే అవి! ఆయన డ్యూటీకి పోయేటప్పుడు అడ్డం పెడ్తవా?" అని ముందుకొచ్చింది.

"పోనీ అక్కా, ఆటకు గద" అని నవ్వాడు రాజం. "చెప్పు బావా, నీకెంత సేపు!"

అనసూర్య కదలలేదు. బాపు ఎదురుగా వచ్చి నిలబడింది. జీవితంలో మొదటిసారి తల పైకెత్తి, గొంతు ఎత్తి అంది. "తట్టి చెప్పు బాపు. తప్పు చెప్తే ఇయ్యాల దిగద్దు."

మొగిలి ముఖం ఎర్రబడింది. "నాకు పరీచ్ఛ పెడ్తున్నవా? నువ్వు పుట్టకముందు నుంచి బాయిల ఉన్న!" వంగి కర్రతో మొదటి కుండీని తట్టాడు. రెండోదాన్ని తట్టాడు. మళ్లీ మొదటిదాన్ని. ఇంట్లో ఉన్న ముగ్గురికీ తేడా స్పష్టంగా వినబడింది. రాజం పెదవుల మీద నవ్వు అట్లాగే ఉండిపోయింది.

"గిదే!" అన్నాడు మొగిలి. "గిదే పొడిది. ఇన్నరా? ఖంగుమంటాంది!" అని మళ్లీ కొట్టాడు. కోపంలో దెబ్బ బలంగా తగిలింది. కుండీ పగిలింది.

నల్లటి తడిమన్ను బుడుక్కున జారి గచ్చు మీద పరుచుకుంది. నీళ్లు సన్నగా పారి రాజం కొత్త బూట్ల చుట్టూ చేరాయి.

రాజం ఒక అడుగు వెనక్కి వేశాడు.

మొగిలి ఆ మన్ను వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కర్రను నెమ్మదిగా గోడకు ఆనించి, గడప మీద కూర్చున్నాడు.

"ఎర్కే బిడ్డా" అన్నాడు. "రోజు నీ కుండ తట్టింది మొక్క కోసం గాదు. నా కోసం. ఇయ్యాల ఇనబడతదా, రేపు ఇనబడతదా అని. మొక్క ఎండుకుంట ఎండుకుంట చెప్పింది, ఇనబడతలేదు మొగిలీ అని. నేను దాని మాట గూడ ఇనలే."

అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "ఈ చెయ్యి రూఫుకు ఆనిచ్చి తడుతున్న. చెయ్యి జలదరిస్తే డొల్ల అనుకుంటున్న. ఇన్ని దినాలు చెయ్యే కాపాడింది. చెయ్యి ఒక్కదాన్ని నమ్మి ఎనిమిది మందిని లోపటికి పిలిచిన."

సమ్మవ్వ కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. "నాకెర్కుండి గూడ ఊకున్న. నీ జట్టుల పోశం లేడా, ఆయన పెండ్లాం రోజు నా దగ్గరికస్తది. అక్కా, మా ఆయన అన్న జట్టుల ఉన్నడు, నాకు ఫికర్ లేదంటది. తల ఊపిన. రాత్రి నా తమ్ముడనంగనే నిద్ర రాలే. ఆమె మొగడు మనిషి గాదా? ఏం మనిషినయ్యా నేను!"

అప్పుడు సైరన్ మోగింది. అందరి తలలూ అటు తిరిగాయి, ఒక్క తల తప్ప. అనసూర్య వెళ్లి బాపు భుజం మీద చెయ్యి వేసింది.

మొగిలి లేచాడు. "షిఫ్టు లోపటికి దిగకముందే మేనేజరుకు చెప్పాలె. నా జాగల ఇంకో సర్దారును చూడాలె. రాజం, నడువు. నేను చెప్పొచ్చేదాక పోశంను, అందర్ని పైనే ఆపు."

"నేనస్త" అంది సమ్మవ్వ. ముఖం కడుక్కోకుండానే ఆయన పక్కన నడిచింది. పద్దెనిమిదేళ్లలో ఆమె బాయి గేటు దాకా వెళ్లడం అదే మొదటిసారి. కర్ర గోడకే ఉండిపోయింది.

* * *

దవాఖానలో పరీక్షలయ్యాయి. నెలన్నర ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. సమ్మవ్వ రెండుసార్లు సామాను సర్దింది, రెండుసార్లు విప్పింది. చివరికి మొగిలికి పైన లాంపు రూంలో పని వచ్చింది. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, ఎక్కి వచ్చాక తీసుకోవడం. సర్దారు హోదా పోయింది. మొదటి వారం తల ఎత్తి ఎవరినీ చూడలేకపోయాడు. పోశం మాత్రం రోజూ దీపం అందుకుంటూ, "దిగుతున్న సర్దారూ" అని ఆయన ముఖం చూసి గట్టిగా చెప్పి పోయేవాడట.

మొక్క సగానికి పైగా ఎండిపోయింది. ఎండిన కాడలన్నీ మొదలంటా కోసెయ్యమంది విశాలాక్షమ్మ. వేరు బతికుంటే చాలు, తొందరపడొద్దంది. గుండు గీయించుకున్నట్టున్న కుండీని చూసి సమ్మవ్వ, "ఇప్పుడు కూరకు అసలే రాది" అంది. కానీ పొద్దున్నే గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసేది ఆమే. అనసూర్య చూసీ చూడనట్టు ఊరుకునేది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం మొగిలి కుండీ ముందు గొంతుకూర్చున్నాడు. మన్ను మధ్యలో, ముడుచుకున్న పసిపాప పిడికిలంత మొలక. నూగు కప్పుకొని చుట్టచుట్టుకొని ఉంది. ఆయన కుండను తట్టలేదు. వేలు మొదటి కణుపు దాకా మన్నులోకి దించాడు. కళ్లు మూసుకొని కాసేపు ఉంచి తీశాడు.

"తడి ఉన్నది. ఇయ్యాల వద్దు."

ఆయన వెనక నిలబడిన అనసూర్య వంగి తన వేలు పెట్టి చూసింది. తడి ఉంది.

"నిజమే బాపు" అంది, ఎప్పటిలాగే నోట్లో నోట్లో. ఆయన మొక్కనే చూస్తూ తల ఊపాడు. నవ్వాడు.

ఆ నవ్వు ఏమిటో అనసూర్యకు ఇప్పుడు తెలుసు. ఇన్నేళ్లూ తన మాట అర్థమయ్యే మనిషి బాపు ఒక్కడే అనుకుంది. తాను ఏం చెప్పిందో తెలియకే, బిడ్డ చిన్నబుచ్చుకుంటుందని నవ్వి తల ఊపిన రోజులు అందులో ఎన్నో.

కుండీని చుట్టి వచ్చి ఆయన ఎదురుగా, కిటికీ వెలుతురు ముఖం మీద పడేటట్టు కూర్చుంది. తల ఎత్తింది.

"నిజమే బాపు. మంచిగ చెప్పినవ్."

మొగిలి ఆమె పెదవుల వైపు చూశాడు. ఈసారి తల ఊపలేదు.

"ఇనబడ్డది బిడ్డా" అన్నాడు.